బాగున్నామంటే ఉప్పే

రెబెక్కమ్మ రోజూ తెల్లవారుజామున నాలుగున్నరకు లేచేది. వాకిలి ఊడ్చి, రాత్రి నీళ్ళు పోసి ఉంచిన చద్దన్నం ఉల్లిపాయ నంజుకుని తిని, ఆరు కొట్టేసరికి హరినాథ్ రొయ్యల షెడ్డు దగ్గర ఉండేది. అక్కడ ముప్ఫై మంది ఆడవాళ్ళు ఐసు నీళ్ళలో చేతులు ముంచి రొయ్యల తలలు తీస్తారు. ఆమె వాళ్ళకు మేస్త్రి. దారిలో ఎదురైన ప్రతివాళ్ళూ "బాగుండావా పిన్నమ్మా?" అని అడిగేవాళ్ళు. "నాకేంది, బాగుండా" అనేది ఆమె.

ముప్ఫై ఒక్క ఏళ్ళుగా అదే జవాబు. మొగుడు వేటకు పోయి పడవతో సహా తిరిగిరాని వారం, చర్చి మెట్ల మీద పాస్టరు గారు అడిగినప్పుడు కూడా చంకలో పసిబిడ్డతో అదే చెప్పింది. చెప్పుకుంటే ఏమొస్తుంది? జాలి వస్తుంది. జాలి వెనకాలే చులకన వస్తుంది. ఆ రెండూ తినకుండా కొడుకును పెంచింది. మోచేతుల దాకా పుళ్ళు పడినా షెడ్డు మానలేదు.

కావలికి తూర్పున, సముద్రానికి రెండు మైళ్ళ ఇవతల ఉన్న ఆ మట్టిగుంటపాలెంలో ఆమె ఒక్కతే కాదు, అందరూ అంతే. పరాయివాడు గడపలోకి వచ్చి "ఎట్టా ఉండారు?" అంటే బాగున్నామనే చెప్పాలి, మంచినీళ్ళివ్వాలి. అది మర్యాద. ఆ మర్యాదే ఊరి కొంప ముంచింది. ఐదేళ్ళ కిందట హరినాథ్ వీళ్ళ కాలనీ పక్కనే రొయ్యల గుంటలు తవ్వుతానంటే, అధికారులు వచ్చి గ్రామసభ పెట్టి, "మీకేమన్నా ఇబ్బందులున్నాయా?" అని అడిగారు. మొదట లేచింది రెబెక్కమ్మ. "ఏం లేవు సార్. బాగుండాం" అంది. వెనక నూట ఇరవై మంది తల ఊపారు. రాసుకుని పోయారు. రెండేళ్ళు తిరక్కుండా గుంటల ఉప్పు భూమిలోకి దిగి, కాలనీ బావి నోట పెట్టుకోలేనట్టు అయిపోయింది. అప్పట్నించీ రోజు మార్చి రోజు వచ్చే ట్యాంకరే గతి.

ఆమె కొడుకు జడ్సన్ వెల్డరు. పోలండులో గ్దాన్స్క్ అనే రేవుపట్నంలో ఎనిమిదేళ్ళు ఓడలు అతికి, అక్కడి పిల్లను చేసుకుని, ఇక్కడ కొత్త రేవు పనులు మొదలైతే పెళ్ళాంతో సహా సొంతూరికి వచ్చేశాడు. ఆ పిల్ల పేరు పలకడం కష్టమై ఊరంతా క్యాథరిన్ అన్నారు. రెండేళ్ళలో ఆమెకు తెలుగు వచ్చింది, చేపల పులుసు పెట్టడం వచ్చింది, "గమ్మునుండు" అని మొగుణ్ణి కసరడం కూడా వచ్చింది. మొన్న నవంబరులో ఆమె తల్లి, అరవై ఎనిమిదేళ్ళ యద్విగ, ఆరు నెలలు ఉండిపోదామని దిగింది.

దిగుతూనే పెట్టెలోంచి ఆరు జతల ఉన్ని చెప్పులు తీసి గుమ్మం పక్కన వరసగా పెట్టింది. వాళ్ళ దేశంలో ఇంటికొచ్చినవాళ్ళు బయటి చెప్పులు విడిచి ఇంటి చెప్పులు తొడుక్కోవాలి. మన ఊరివాళ్ళు విడవడం వరకు సంతోషంగా విడిచారు. ఉక్కపోతలో ఉన్ని చెప్పులు తొడుక్కోమంటేనే బిక్కమొహం వేశారు. సంఘం తరఫున ఆరు గులాబీలిచ్చి ఆహ్వానిస్తే, ఒకటి తీసి పక్కన పెట్టి ఐదు పుచ్చుకుంది. సరి లెక్కన పూలు సమాధి మీదే పెడతారట. మధ్యాహ్నం ముందు చారు, తర్వాతే అన్నం. రెబెక్కమ్మ కుండలో పులిసిన చద్దినీళ్ళు రుచి చూసి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"మా అమ్మ ఏమంటా ఉందంటే అత్తా, ఇది వాళ్ళమ్మ చేసే పుల్ల జావంట. దీనికోసరం ఇంత దూరం రావాల్నా అంటా ఉంది" అంది క్యాథరిన్.

"తాగమను వదినను. కుండెడుండాది" అంది రెబెక్కమ్మ.

ఒక్క సంగతే ఎవరికీ మింగుడుపడలేదు. మర్యాదకు "బాగుండారా అమ్మా?" అని అడిగితే యద్విగ నిజం చెప్పేది. "స్తారా బ్యేదా" అని మొదలుపెట్టేది. పాత దరిద్రమే, అని. ఆ తర్వాత వరసగా చెప్పుకుపోయేది. కుడి మోకాలు వంగదు. పై అంతస్తువాడు ఆదివారం పూట గోడకు రంధ్రాలు వేస్తాడు. కంటి డాక్టరు పద్నాలుగు నెలల తర్వాత రమ్మన్నాడు. పింఛను నడుస్తుంటే వెన్న ధర పరిగెత్తుతోంది.

"అంత కష్టంలో ఉందా పాపం!" అన్నారు ఆడవాళ్ళు.

"ఏం కాదు. అది పలకరింపు" అని నవ్వింది క్యాథరిన్. "మా ఊళ్ళో ఎవరన్నా బాగుండానంటే పక్కింటోళ్ళకి అనుమానం. ఏం దాస్తా ఉండాడో అని. కారణం లేకుండా నవ్వేవాడు పిచ్చోడో, ఏదో అంటగట్టేవాడో అనుకుంటారు."

వచ్చిన నాలుగో రోజు సాయంత్రం యద్విగ షికారుకు పోయి, కాళ్ళు నొప్పెట్టి, వాడకంలో లేని ఆ బావి గట్టు మీద కూర్చుంది. మనిషి దొరక్క బావికే చెప్పుకుంది, తన భాషలో, పావుగంట. చెప్పడం అయ్యాక కాళ్ళు కడుక్కుందామని చేద వేసి తోడింది. దోసిట పట్టి తాగింది. కొబ్బరినీళ్ళంత తియ్యగా ఉన్నాయి.

షెడ్డులో పనిచేసే భానుప్రియ అటుగా పోతూ, ఆమె బావితో చెప్పుకోవడం, ఆ నీళ్ళు తాగడం చూసింది. తను చేద వేస్తే ఉప్పు. ఒక్క క్షణం ఆలోచించి, బావిలోకి వంగి, "నా మొగుడు నాతో మాట్లాడి నెల రోజులయ్యింది. నాకు ఏడుపొస్తా ఉంది" అంది. మళ్ళీ తోడింది. తియ్యటి నీళ్ళు.

"సరే, ఇట్టా ఇస్తుందన్నమాట" అనుకుని బిందె తెచ్చుకోను పోయింది.

మర్నాటి నుంచి కాలనీ అంతా బావి దగ్గరే. ఒక నిజమైన బాధకు ఒక బిందె. అబద్ధానికి ఉప్పు. నిన్నటి బాధే ఊరికే వల్లించినా ఉప్పే. మస్తానయ్య వచ్చి, "నా పెళ్ళాం నాకు తిండి పెట్టట్లేదు" అని చేద వేసి, తాగి, ఉమ్మేశాడు.

"ముప్పొద్దులా మెక్కేది ఎవురయ్యా, నీ అమ్మమ్మా?" అని వరసలోంచి అరిచింది అతని భార్య.

మస్తానయ్య తల గోక్కుని మళ్ళీ వంగాడు. "సరేలే. నాకు చెవుడొస్తా ఉండాది. ఎవురికీ తెలీకుండా నవ్వి నెట్టుకొస్తా ఉండా." ఈసారి నీళ్ళు తియ్యగా వచ్చాయి. అతని భార్య బిందె అందుకుని తనే మోసింది.

తోపులాటలు మొదలైతే యద్విగ రంగంలోకి దిగింది. కొట్లలో మాంసం దొరకని రోజుల్లో, వీధి పొడుగునా వరసల్లో నిలబడే పెరిగిన మనిషి ఆమె. ఎవరొచ్చినా ముందు "ఆఖరు ఎవరు?" అని అడగాలి, ఆ ఆఖరు మనిషి వెనక మీ చోటు, ఆ తర్వాత పోయి పొయ్యి మీద ఎసరు చూసుకుని వచ్చినా మీ చోటు మీదే. వారంలో ఊరికి అలవాటయిపోయింది. తోపులాట లేదు, గొంతులు లేవలేదు. ఒకరి బాధ ఇంకొకరు వినడం మాత్రం కొత్తగా మొదలైంది.

రెబెక్కమ్మ చేదలోకి మాత్రం ఉప్పే వచ్చేది. మూడుసార్లు తోడి చూసింది. "నాకు బాధలేమీ లేవు. ఉంటే కదా చెప్పేది?" అనేసి, క్యాన్ నీళ్ళు తెప్పించుకుని తాగింది. ఆ మాటకు యద్విగ పోలిష్‌లో ఏదో గొణిగింది.

"ఏమంటా ఉండాది?"

"గాడిదలు రెండు రకాలంట. అరిచేది ఒకటి, అరవకుండా మోసేది ఒకటి. రెండోదానికి తొందరగా నడుం విరుగుతుందంట" అంది క్యాథరిన్, అత్త మొహం చూడకుండా.

"మీ అమ్మకు చెప్పు. విరిగేదైతే ఎప్పుడో విరిగుండేది."

డిసెంబరు మొదట్లో కబురు వచ్చింది. హరినాథ్ గుంటలు ఇంకో ఐదెకరాలు పెంచుతాడట. ఆ ఐదెకరాల నడుమనే బావి. గ్రామసభ మంగళవారం, బావి దగ్గరే. ఊరు ఒప్పుకుంటే బావి పూడ్చేస్తారు.

ముందురోజు షెడ్డులో హరినాథ్ రెబెక్కమ్మను పక్కకు పిలిచాడు. చెడ్డగా మాట్లాడే మనిషి కాదు. ప్రతి క్రిస్మస్‌కూ ఆడవాళ్ళకు చీరలు పెడతాడు.

"అక్కా, రేపు పోయినసారిలానే నువ్వే మొదట లేవాల. నీ మాటంటే కాలనీ మాట. బావిలో తియ్యటి నీళ్ళు వస్తా ఉన్నాయంట గదా? ఇంక మా గుంటల వల్ల ఏం చెడింది? అదే చెప్పు. అంతా బాగుండాది అను, చాలు."

"బాగుండాం అనాల" అంది రెబెక్కమ్మ.

"అంతే. ముప్ఫై మంది కూలి నీ నోట్లో ఉండాది. గుర్తు పెట్టుకో."

ఆ సాయంత్రం వంటింట్లో వియ్యపురాళ్ళు ఇద్దరూ పీట మీద పిండి ముద్ద పెట్టుకుని కూర్చున్నారు. యద్విగ ఉడికించిన బంగాళాదుంప ముద్దను పిండి బిళ్ళల్లో పెట్టి అర్ధచంద్రాల్లా మడుస్తోంది. రెబెక్కమ్మ వాటి అంచులు కజ్జికాయలకు కుట్టినట్టు కుడుతోంది. క్యాథరిన్ మధ్యలో కూర్చుని అటు మాట ఇటు, ఇటు మాట అటు చేరవేస్తోంది.

"చెప్తే పని పోతాది. చెప్పకపోతే బావి పోతాది" అంది రెబెక్కమ్మ.

యద్విగ చేతులు ఆగలేదు. "నాకు ఇరవై నాలుగేళ్ళప్పుడు ఓడల కార్ఖానాలో సమ్మె. నేను క్యాంటీన్లో వంటమనిషిని. గేట్లు మూసుకుని మగవాళ్ళు లోపల కూర్చున్నారు. నేను వాళ్ళకు బంగాళాదుంపలు వలిచాను. భయంతో మందంగా వలిచేసి సగం దుంప తొక్కతోనే పోయేది. అప్పటిదాకా మేం కూడా పైవాళ్ళు అడిగితే అంతా బాగుందనేవాళ్ళం. కాగితాల నిండా బాగుందనే రాసి ఉండేది. కొట్లో మాత్రం ఏమీ ఉండేది కాదు. ఒకరోజు అందరం ఒకేసారి బాగాలేదన్నాం. అంతే చేసింది. అంతకంటే పెద్ద పనేమీ చెయ్యలేదు."

"అంతటితో గెలిచినారా?"

"వెంటనే కాదు. చాలా ఏళ్ళు పట్టింది. కానీ ఆ రోజు తర్వాత నేనెప్పుడూ బాగున్నానని చెప్పలేదు" అని యద్విగ నడుం పట్టుకుంది. "ఇప్పుడు చూడు, ఈ పీట ఎంత పొట్టిదో."

మంగళవారం పదింటికి సభ మొదలైంది. వచ్చిన అధికారి వినీల అనే ముప్ఫై ఐదేళ్ళ ఆవిడ. నీళ్ళ సీసాలు, కాగితాలు పట్టుకుని ఇద్దరు గుమాస్తాలు. హరినాథ్ చొక్కా చేతులు మడిచి తనే గిలక దగ్గరికి నడిచాడు.

"మేడం, మా గుంటల వల్ల ఈ ఊరికి చిన్న ఇబ్బంది కూడా లేదు. అందరూ హాయిగా ఉన్నారు. మీరే తాగి చూడండి." చేద తోడి, స్టీలు గ్లాసు నింపి ఇచ్చాడు.

వినీల ఒక గుక్క తాగి, పక్కకు తిరిగి ఉమ్మేసి, కొంగుతో మూతి తుడుచుకుంది. "సముద్రం నీళ్ళు తెచ్చి పోశారా హరినాథ్ గారూ?"

హరినాథ్ మొహం మాడిపోయింది. "అక్కా, నువ్వు తోడు. తోడి చెప్పు" అన్నాడు.

రెబెక్కమ్మ గిలక దగ్గరికి వచ్చింది. చేదతాడు చేతిలోకి తీసుకుంది. షెడ్డు ఆడవాళ్ళు ముప్ఫై మందీ ఆమెనే చూస్తున్నారు. మర్యాద గొంతు దాకా వచ్చింది. బాగుండాం మేడం. ఎంత సుళువైన మాట! ముప్ఫై ఒక్క ఏళ్ళు అరిగి నున్నగా అయిన మాట.

"నేను బాగలేను మేడం" అంది రెబెక్కమ్మ.

ఒక గుమాస్తా కలం తీశాడు.

"ఐదేళ్ళ కిందట ఈడనే నిలబడి బాగుండామని చెప్పింది నేనే. అబద్ధం చెప్పినా. నా మాట విని ఊరు తల ఊపింది. ఊరి నీళ్ళు ఉప్పు చేసింది గుంటలు ఒక్కటే కాదు, నేను కూడా. నా చేతులు చూడండి. ముప్ఫై ఏళ్ళుగా ఐసులో కుళ్ళినాయి. ఒక్క జత గ్లౌజులు అడగలా. మొగుడు పోయినాడు, ఏడవలా. ఏడిస్తే అలుసైపోతామనుకున్నా. ఈ గుంటలు పెంచొద్దు మేడం. ఉండేవాటి ఉప్పునీళ్ళు మా మీదికి రాకుండా కాలవ తవ్వించండి. మేం బాగలేం."

అంటూనే చేద వేసి తోడింది. ఎవరూ రమ్మనకుండానే వినీల వచ్చి అదే గ్లాసు పట్టింది. తాగింది. గ్లాసు ఖాళీ చేసి మళ్ళీ పట్టింది.

"చూశారా మేడం, తియ్యగానే ఉండాయి గదా!" అన్నాడు హరినాథ్.

"ఉన్నాయి" అంది వినీల. "మీరు తోడితే ఉప్పు, ఈమె తోడితే తీపి. బావి ఎవరి మాట నమ్మిందో నేనూ వాళ్ళ మాటే రాస్తాను." గుమాస్తా వైపు తిరిగి, "రాయండి. ఊరు ఒప్పుకోలేదు. కాలవ నెలలోపు తవ్వాలి" అంది.

మస్తానయ్య వినపడక పక్కవాణ్ణి అడిగి, విని, అందరికంటే ఆలస్యంగా, అందరికంటే గట్టిగా ఈల వేశాడు.

జీపు కదిలాక హరినాథ్ అన్నాడు, "రేపట్నుంచి నువ్వు షెడ్డుకు రావొద్దక్కా."

"రాను" అంది రెబెక్కమ్మ.

మర్నాడు ఆరింటికి ఆమె పోలేదు. భానుప్రియ పోలేదు. మిగతా ఇరవై తొమ్మిది మందీ పోలేదు. రెబెక్కమ్మ ఇంటి ముందు టార్పాలిన్ పట్ట పరుచుకుని కూర్చున్నారు. తెల్లవారుజామున పట్టిన రొయ్యలు రెండు టన్నులు షెడ్డులో ఐసు మీద ఎదురుచూస్తున్నాయి. హరినాథ్‌కు కబురు పంపుదామా అని ఎవరో అంటే, యద్విగ పెద్ద గిన్నెతో చారు తెచ్చి పెడుతూ తల అడ్డంగా ఊపింది. "ముందు మాట్లాడినవాళ్ళు ఓడిపోతారు. తినండి" అని క్యాథరిన్ చేత చెప్పించింది.

తొమ్మిదయింది. పదకొండయింది. ఐసు కరుగుతోందని షెడ్డు కాపలావాడు సైకిలు మీద వచ్చి చూసి పోయాడు. పన్నెండున్నరకు హరినాథ్ బండి వీధి మొగలో ఆగింది. ఎండలో నడిచి వచ్చాడు. చొక్కా తడిసిపోయింది. గుమ్మం ముందు నిలబడి, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియక, అలవాటు కొద్దీ నవ్వు తెచ్చుకున్నాడు.

"బాగుండావా అక్కా?"

రెబెక్కమ్మ జరిగి, పట్ట మీద చోటు చూపించింది.

"కూర్చో అబ్బయ్యా" అంది. "చెప్తా. చాలా ఉండాది."