వెంకటక్క సంతకం

టైల్స్ పని చేసే మొఫిజుల్‌ను పొద్దున్నే పోలీసులు తీసుకుపోయారని అతని భార్య సాహినా ఏడుస్తూ ఫోన్ చేసింది. హిందూపురంలో వలస కార్మికుల సంఘం నడిపే ఝాన్సీ ఉన్నపళంగా స్టేషన్‌కు వెళ్లింది.

"బెంగాలీ మాట్లాడతాండాడు. మన దేశమా, బంగ్లాదేశా అనేది తేలాల గదమ్మా," అన్నాడు ఎస్సై. గొంతులో కోపం లేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

"మన బెంగాల్‌లోని ముర్షిదాబాద్ సార్. ఆధార్ ఉండాది."

"ఆధార్ ఉంటే పౌరుడైపోతాడా? ఊరి నుంచి కాగితాలు తెప్పియ్యి. ఈడ యా ఇంట్లో ఉంటాండాడో వాళ్లతో రాయించుకొని రా. సాయంత్రం దాకా చూస్తాం. ఆపైన మా చేతిలో ఉండదు."

బెంచీ మీద కూర్చున్న మొఫిజుల్ కాళ్లకు చెప్పులు కూడా లేవు.

మధ్యాహ్నానికి మొఫిజుల్ అన్న ఊరి నుంచి, తమ తండ్రి పేరున్న పాత ఓటర్ల జాబితా ఫొటో పంపాడు. ఇక మిగిలింది ఇంటి యజమాని వెంకటక్క.

"నేను రాయను పాపా," అంది వెంకటక్క. "రేపు నన్ను పిలిచి నీ కాగితాలేవి అంటే? ఇంటి పట్టా ఇంగా మా మామ పేరు మీదనే ఉండాది."

"నిన్నెవురూ అడగరక్కా," అంది ఝాన్సీ. ఆ మాట తనకే నమ్మకంగా అనిపించలేదు.

సాహినా బిడ్డను ఒళ్లో పెట్టుకుని గడప దగ్గర కూర్చుండిపోయింది. మూడు దాటింది. వెంకటక్క లోపలికి వెళ్లింది, వచ్చింది, మళ్లీ వెళ్లింది. చివరికి బయటకొచ్చి, "యాడ పెట్టాల?" అని అడిగింది. ఝాన్సీ చూపించిన చోట సంతకం పెట్టింది.

అయిదింటికి మొఫిజుల్‌ను వదిలారు. ప్రతి సోమవారం వచ్చి కనబడాలన్నారు.

ఝాన్సీ, మొఫిజుల్ తిరిగొచ్చేసరికి వెంకటక్క గేటు దగ్గరే ఉంది.

"మూడేండ్లు చూసినోళ్లని సంతకం పెట్టినా. ఇంగ నా చేత కాదు తల్లీ. నెలాఖరుకు ఇల్లు ఖాళీ చేయండి."

ఝాన్సీకి కోపం వచ్చింది. కానీ వెంకటక్క ముఖంలో భయం చూశాక వాదన మాని ఫోన్ తీసింది.

పెనుకొండలో గది కోసం ఫోన్లు చేసింది. ప్రతి ఇంట్లోనూ మొదటి ప్రశ్న ఒకటే: "యా ఊరోళ్లు?"

"బెంగాల్. మన దేశమే," అనేది ఝాన్సీ. మూడు ఇళ్లవాళ్లు గది లేదన్నారు. నాలుగో ఇంటివాళ్లు సరేనన్నారు.

"ఆడికి కూడా పోలీసులు వస్తారా అక్కా?" అని అడిగింది సాహినా, సామాన్లు కడుతూ.

ఝాన్సీ అబద్ధం చెప్పలేదు. "రావచ్చు. వాళ్లొస్తే నేనూ వస్తా," అంది.