జుగాన్ గొంతు దగ్గర

ముల్లంగి ఊరేసే తవుడు జాడీలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కలుపుతుంటే మా ఆయన నా వెనక వచ్చి నిలబడి, "ఇదే ఆఖరు సినిమా కదా?" అన్నాడు. అది అడగడం కాదు. బ్యాంకులో అప్పు కోసం వచ్చినవాడితో మాట్లాడే గొంతు అది, ఇంటికొచ్చాక కూడా విప్పడు. "అవునండీ" అన్నాను. వేళ్ళకి ముల్లంగి తగిలితే పైకి తీసి, అంటిన తవుడు దులిపి పళ్ళెంలో పెట్టాను. ఆయనకి కావలసింది అదే. అవును అనే మాటా, ముల్లంగీ.

ఆ తవుడు మా అత్తగారిది. ఆవిడకి వాళ్ళ అత్తగారు ఇచ్చారట, ఆవిడకి వాళ్ళత్తగారు. యుద్ధంలో బాంబులు పడి వీధంతా తగలబడుతుంటే పెళ్ళి కిమోనో వదిలేసి ఈ జాడీ ఎత్తుకుని పరుగెత్తానని వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది. దాన్ని రోజూ చేత్తో అడుగుదాకా తిరగేయాలి, మానేస్తే పుల్లకంపు కొడుతుంది, పైన బూజు కడుతుంది. "ఆడదాని చెయ్యే పడాలి. మగాడు వేలు పెట్టాడంటే తవుడు చచ్చిపోతుంది" అంటుంది ఆవిడ. ఎంత తెలివైన తవుడో చూడండి! ఏ చెయ్యి ఆడదో ఏది మగదో దానికి తెలుసు.

నన్ను చేసుకునేటప్పుడే సినిమాలు మానేస్తుందా అని మధ్యవర్తిని అడిగారు. మానేస్తుందని మా నాన్న చెప్పాడు. నన్నెవరూ అడగలేదు, నేను టీ పోస్తున్నాను. కాకపోతే కంపెనీకి ఇంకొక్క సినిమా బాకీ ఉన్నాను. అది పూర్తి చేయకపోతే పరువు తక్కువని మా ఆయన పెద్దమనసు చేసుకున్నాడు. "మా ఆవిడకి అదో సరదా, ఈ ఒక్కటీ అయిపోతే సరి" అని బ్యాంకు మేనేజరుగారితో అంటుంటే విన్నాను. పదిహేడో ఏట నుంచి తిండి పెట్టిన పని నాకు సరదా అట.

ఆ ఆఖరు సినిమాలో సముద్రంలోంచి జుగాన్ అనే రాక్షసబల్లి లేచి వచ్చి టోక్యోని తొక్కేస్తుంది. మొదట నాకు ఇచ్చిన కథలో నేను సముద్రజీవుల డాక్టర్ని. దాన్ని ఎలా చంపాలో కనిపెట్టేది నేనే. ఎంత సంబరపడ్డానో! రైల్లో కూడా మాటలు బట్టీ పట్టేదాన్ని. తర్వాత దిద్దిన పేజీలు రావడం మొదలైంది. వచ్చినప్పుడల్లా నా మాట ఒకటి హీరో ఇసాకా నోట్లోకి పోయేది. చివరికి నేను డాక్టరుగారి సహాయకురాలినయ్యాను. నా మాటలన్నీ పోయి "టీ తీసుకోండి" ఒకటీ, అరుపొకటీ మిగిలాయి. డైరెక్టరు కురామోచిగారిని అడిగాను. ఆయన సిగరెట్టు వెలిగించుకుని, "నువ్వు చెబితే జనం నమ్మరమ్మాయ్" అన్నాడు. అంటే, బల్లి మేడ మీద కాలేస్తే నమ్ముతారు, దాని నోట్లోంచి పొగలొస్తే నమ్ముతారు, ఆడది నాలుగు సైన్సు ముక్కలు చెబితే మాత్రం నమ్మరన్నమాట!

సేనాధిపతుల సమావేశం సీనులో నాచేత టీ పోయించారు. ఆవిరి కనబడాలని నిజం టీయే పెట్టారు. సేనాధిపతుల వేషాలు వేసినవాళ్ళు దేశాన్ని ఎలా కాపాడాలా అని నుదురు ముడిచి ఆలోచిస్తూ చక్కగా తాగేశారు. కెమెరా ఆగాక ఒకాయన కప్పు ముందుకు జరిపి, "ఇంకొంచెం పోస్తావేంటమ్మా, నీ చేత్తో బాగుంది" అన్నాడు. పోశాను. సినిమాలో పోసిన దానికీ, బయట పోసిన దానికీ తేడా నా చేతికి తెలియలేదు.

ఇంతకీ ఆ జుగాన్ మా ఎదురుగా ఎప్పుడూ ఉండదు. దాన్ని పక్క షెడ్డులో వేరే తీస్తారు, తర్వాత మా బొమ్మకీ దాని బొమ్మకీ అతుకు వేస్తారు. మా ముందు ఒకతను పొడవాటి వెదురుగడ పట్టుకుని నిలబడతాడు. గడ కొసన ఎర్రగుడ్డ. అదే జుగాన్ తల. "అందరూ గుడ్డకేసి చూడాలి! ఒక్కడి చూపు పక్కకి పోయిందా, అతుకు కుదరదు!" అని డైరెక్టరు నోటికి గొట్టం పెట్టుకుని అరుస్తాడు. మళ్ళీ నాకు విడిగా, "నువ్వు ఆడదానివి, ఇంకాస్త పైకి చూడు" అంటాడు. ఇంట్లో అత్తగారు, "కోడలు పిల్లా, చూపు చాప మీద ఉండాలి" అంటుంది. పొద్దున్న కిందకి, పగలు పైకి. మెడ నొప్పి ఎందుకొచ్చిందే అంటే ఏం చెప్పను!

ఒకరోజు భయం బాగా పండుతుందని మా అందరినీ పక్క షెడ్డుకి తీసుకెళ్ళారు. మోకాలెత్తు మేడల మధ్య నిలబడి ఉంది జుగాన్. ఇసాకా అయితే టోపీ తీసేశాడు. ఇంతలో భోజనాల వేళయింది. ఎవరో వెళ్ళి దాని వీపు మీద జిప్పు లాగారు. లోపల్నుంచి బక్కపలచని మనిషి, తడిసి ముద్దైన బనీనుతో ఊడిపడ్డాడు. పేరు బాందో. ఒకడు విసనకర్ర పట్టుకున్నాడు, ఒకడు తుడిచాడు, ఇంకొకడు నోటికి నీళ్ళందించాడు. మహారాజుకి కూడా అంత సేవ జరగదేమో! నేను పొద్దున్నే లేచి అన్నం, మిసో సూపూ చేసి, తవుడు కలిపి, అత్తగారి నడుం పట్టి, రైలెక్కి వస్తే నాకెవడు విసిరాడు?

"దాని కళ్ళల్లోంచి మేం కనబడతామా?" అని అడిగాను.

"కళ్ళా? అవి గాజువండీ, లోపల బల్బులు" అని నవ్వాడు బాందో. "నా తల అక్కడిదాకా అందితేగా! ఇదుగో, ఇక్కడ గొంతు దగ్గర కన్నాలున్నాయి చూడండి, ఇందులోంచి చూస్తా. అదీ సగం సగమే. అందరూ పైన తలకేసి చూసి హడలిపోతారు, నేను ఇక్కడుంటా."

మిగతావాళ్ళు నవ్వేసి అన్నాలకి పోయారు. నేను ఆ కన్నాల దగ్గరే నిలబడిపోయాను.

ఆ సాయంత్రం మా ఆయన సాకే సారా కప్పు చాపి, "అమ్మ నీరసపడిపోతోంది" అన్నాడు. "మేనేజరుగారి భార్య నువ్వింకా మానలేదా అని అడిగిందట. మా వంశంలో ఆడవాళ్ళు బయటికెళ్ళి పనిచేసింది లేదు." అమ్మ, మేనేజరు, వంశం. ఈ మనిషి నోట్లోంచి "నేను" అనే మాట ఎప్పుడైనా వచ్చిందా అని వెతికాను. ఆకలేస్తోంది అనడానికి కూడా "భోజనం వేళ కాలేదా?" అంటాడు. ఇన్నాళ్ళూ నేను భయపడింది ఎవరికి? పోసిన కప్పు నిండి బల్ల మీదికి కారింది. "కళ్ళెక్కడ పెట్టుకున్నావోయ్?" అన్నాడు. గుడ్డ తెచ్చి తుడిచాను.

ఆఖరి రోజు నా మొహం దగ్గరగా తీసే షాటు. మేడమీద, సూర్యుడు దిగుతుండగా తీయాలి. జుగాన్ని చూసి కెవ్వున అరిచి ఇసాకా చేతుల్లోకి పడిపోవాలి. ఇసాకా నా చెయ్యి పట్టుకుని ముక్కు చిట్లించాడు. "ఏమిటమ్మా, చేతికి ఊరగాయ కంపు! కడుక్కుని రావచ్చుగా." అందరూ నవ్వారు. మేకప్పు ఆవిడ కూడా నవ్వింది, ఆవిడ ఇంట్లోనూ జాడీ ఉండే ఉంటుంది. ఆ వాసన సబ్బుకి పోదు. మా ఇంట్లో ఆడవాళ్ళ చేతులన్నిటికీ తరతరాలుగా ఉన్న వాసన అది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. ఆ తర్వాత ఒళ్ళు మండింది.

కెమెరా తిరిగింది. ఫ్యాను గాలి మొహాన కొట్టింది. ఎర్రగుడ్డ చూశాను. నాకు మిగిలిన బొమ్మ ఇదొక్కటే, దీని తర్వాత జన్మంతా ముల్లంగీ తవుడూ. అరవాలి. నోరు తెరవబోయి మూసేశాను. చూపు గుడ్డ మీంచి గడ వెంట కిందకి దించాను, గొంతు ఎక్కడుంటుందో అక్కడిదాకా. కన్నాల వెనక ఉన్నవాణ్ణి చూసినట్టు తిన్నగా చూశాను. వాడి బనీను, చెమట, వాడి కోసం విసురుతున్నవాళ్ళు అందరూ కనబడ్డారు. అసహ్యం వేసింది. దాన్ని దాచుకోవాలనిపించలేదు.

"కేక పెట్టు! కేక పెట్టమ్మాయ్!" అని డైరెక్టరు గొట్టంలో మొత్తుకుంటూనే ఉన్నాడు. నేను చూస్తూనే ఉన్నాను. ఈలోగా సూర్యుడు కాస్తా దిగిపోయాడు. మర్నాడు ఆ మేడ మాకివ్వరు. "పోనీలెండి, అరుపు డబ్బింగులో పెట్టుకుందాం" అన్నాడు పక్కనున్న అసిస్టెంటు. "మూసుకున్న నోటికి అరుపు ఎక్కడ అతికిస్తావురా గాడిదా!" అని డైరెక్టరు వాడి నెత్తి మీద గొట్టంతో ఒకటిచ్చాడు.

కంపెనీ హాల్లో సినిమా వేస్తే మా ఆయనా అత్తగారూ వచ్చారు. తెర మీద సైనికులు, మంత్రులు, ఇసాకా, అందరూ మెడలు నిక్కించి గాజుకళ్ళకేసి చూసి వణికారు. తర్వాత నేను వచ్చాను. నా చూపు అందరి చూపుకీ కింద ఆగింది. వెంటనే జుగాన్ని చూపించారు. అది ఒక్క క్షణం ఆగి, ఒకడుగు వెనక్కి వేసింది. పాపం బాందో ఆ రోజు నిప్పురవ్వలు పడి జంకి ఉంటాడు. కానీ హాల్లో జనానికి అదేం తెలుసు! వెనక నుంచి ఎవరో, "అమ్మో, ఆవిడకి దొరికిపోయాడ్రా!" అన్నారు.

బయటికొస్తుంటే అత్తగారు నా కిమోనో చెయ్యి పట్టి లాగింది. "అదేం చూపు కోడలు పిల్లా? ఇంట్లో మగాడి ముందు అలా చూశావు గనకనా!" ఆవిడొక్కతే సరిగ్గా అర్థం చేసుకుంది. ఎప్పుడో ఒకప్పుడు ఆవిడకీ ఆ చూపు వచ్చే ఉంటుంది, జాడీలో పెట్టి ఊరేసుకుంది.

ఆ వారమే కంపెనీవాళ్ళు పిలిచారు. కొత్త సినిమాలో మొగుడు పోయాక పడవ నడుపుకునే మనిషి వేషం. నెల్లాళ్ళు దూరాన నోతో అనే సముద్రతీరంలో, మంచులో. పేజీల నిండా నా మాటలే ఉన్నాయి. ఇంటికొచ్చి చెప్పాను.

"ఇదే ఆఖరన్నావు" అన్నాడు మా ఆయన బ్యాంకు గొంతుతో. "అమ్మ ఒప్పుకోదు. మేనేజరుగారు ఏమంటారు? బంధువులకి ఏం చెప్పుకోవాలి..."

చాప మీద చూపు పెట్టలేదు. ఆయన మొహంలోకీ చూడలేదు. కాలరు గుండీ పైన, గొంతు దగ్గర చూశాను. గొంతుముడి పైకి లేచి కిందకి దిగింది.

"వాళ్ళ సంగతి సరేనండీ. మీరేమంటారు?"

"నేనా?" అన్నాడు. కాలరు సర్దుకున్నాడు. మళ్ళీ, "నేనా?" అన్నాడు. మెడ మీద చెమట పట్టింది. లోపల ఎవరో ఉన్నారు, చాలా చిన్న మనిషి, ఇన్నేళ్ళూ ఆ బరువంతా మోసుకు తిరుగుతున్నాడు. జాలేస్తుందేమో అనుకున్నాను గానీ వెయ్యలేదు.

వంటింట్లోంచి జాడీ తెచ్చి ఆయన ముందు పెట్టి మూత తీశాను.

"రేపు పొద్దున్న బండికి వెళుతున్నాను. చొక్కా చెయ్యి పైకి మడవండి. అడుగుదాకా తిప్పాలి."

ఆయన గుమ్మం వైపు చూశాడు, వాళ్ళమ్మ వస్తుందేమోనని. "మగాడి చెయ్యి పడితే చచ్చిపోతుందంటుందిగా అమ్మ..."

"ఇన్నాళ్ళూ నా చెయ్యే కదండీ అందులో ఉంది," అన్నాను. "అప్పుడు ఏది చచ్చిపోతోందని ఎవరైనా అడిగారా? కలపండి."