పంచుకున్న టైర్లు

తిరుమలయ్య కొడుకులిద్దరూ ఆస్తి పంచుకున్న రోజున పెద్దమనుషులకు తలప్రాణం తోకకొచ్చింది. ఇల్లు తెగింది, పొలం తెగింది, రెండు అంబాసిడర్లు చెరొకటి అయ్యాయి. హమ్మయ్య, ఇక లేచి తుండుగుడ్డలు దులుపుకుందామనుకునే వేళకు చిన్నవాడు దామోదరం టైర్ల పేచీ పెట్టాడు. పెద్దవాడు మునిరామయ్య వాటాకు వచ్చిన బండికి నాలుగు కొత్త బటన్ టైర్లున్నాయి. వాటిని తండ్రి మద్రాసు దాకా వెళ్ళి, వాళ్ళనూ వీళ్ళనూ బతిమాలి తెచ్చుకున్నాడు. అది ఎమర్జెన్సీ ఎత్తేసిన కొత్త. మంచి టైరు దొరకడమంటే పిల్లకు మంచి సంబంధం దొరకడం కన్నా కష్టంగా ఉండేది. దామోదరం వాటా బండికేమో నాలుగూ అరిగి నున్నగా అయిపోయిన గుండు టైర్లు. తిరుపతిలో గుండ్లకేం కొదవ అని ఒక పెద్దమనిషి నవ్వబోయాడు గాని, దామోదరం మొహం చూసి నవ్వు మింగేశాడు.

"నాలుగూ అన్నకేనా? అవి నాయన తెచ్చినవి. రెండు నాకు రావాల," అన్నాడు దామోదరం.

బటన్ టైరంటే ఒంటినిండా రబ్బరు దిమ్మెలున్న టైరు. వానలోనూ బురదలోనూ అది రోడ్డును వదలదు. గుండు టైరు ఎండల్లో తారురోడ్డు మీద బాగానే పోతుంది, తడి తగిలితే మాత్రం సబ్బు మీద కాలేసినట్టే. ఒకే బండికి రెండు రకాలూ తగిలిస్తే ఏమవుతుందో టాక్సీలు నడిపే ఆ ఇంట్లో తెలియనివాళ్ళు లేరు. వెనక బటన్లుంటే అవి తోస్తాయి, ముందరి గుండువి తిరగమంటే తిరగవు, స్టీరింగు ఎటు తిప్పినా బండి ముక్కుసూటిగా పోతుంది. నాలుగింటినీ విడదీయొద్దని తండ్రి పోయేముందు మంచంలో ఉండి కూడా చెప్పాడు. పంతానికి వచ్చాక అవన్నీ ఎవడికి గుర్తుంటాయి? మునిరామయ్య జాకీ తెచ్చి, అందరి ఎదుటా తన బండి ముందు చక్రాలు రెండూ ఊడదీసి తమ్ముడి వైపు దొర్లించాడు. బదులుగా రెండు గుండువి తీసుకున్నాడు. ఆ రకంగా రెండు బండ్లూ వెనక బటన్లు, ముందు గుండ్లుగా తయారయ్యాయి. న్యాయం జరిగిందని అందరూ కాఫీ తాగారు.

ఆ తర్వాత ఒకరి గడప ఒకరు తొక్కలేదు. ఇద్దరిదీ ఒకటే బేరం, ఎముకలు విరిగినవాళ్ళను తిరుపతి నుంచి పుత్తూరు కట్టుకు తీసుకుపోవడం. కట్టు కట్టే ఇంటి ముందు ఒకరి బండి కనబడితే రెండోవాడు అల్లంత దూరాన ఆపుకునేవాడు.

కార్తీకంలో ముసురు పట్టింది. ఒక మధ్యాహ్నం మునిరామయ్య ఖాళీ బండి వేసుకుని పుత్తూరు దారి పట్టాడు. బేరం లేకుండా అంత వానలో ఎందుకు బయల్దేరాడో ఎవరికీ అంతుబట్టలేదు. వడమాలపేట దాటాక చెరువుకట్ట దగ్గర రోడ్డు ఎడమకు మలుపు తిరుగుతుంది. ఎదురుగా పశువులు నీళ్ళకు దిగే బాట ఉంది. రోడ్డు తిరిగింది, బండి తిరగలేదు. ఆ బాట మీదుగా నేరుగా చెరువులోకి పోయింది. మరునాడు శవం దొరికింది, బండి దొరకలేదు. ఎండలకు నీళ్ళు తగ్గాక తీద్దామన్నారు. ఎండలు వచ్చాయి, పోయాయి. ఊరూరా బావులు ఎండిపోయిన ఆ ఏడు కూడా ఆ చెరువులో నీళ్ళు తగ్గలేదు.

దామోదరానికి ఆ మలుపు దగ్గర మొదట అనుమానం వచ్చింది ఎండాకాలంలోనే. రోడ్డు పొడిగా, పెనంలా కాలుతోంది. గుండు టైర్లయినా జారే పనే లేదు. అయినా స్టీరింగు బరువెక్కింది, బండి మెల్లగా నీళ్ళ వైపు ఒరిగింది. రెండు చేతులతో లాగి తిప్పుకున్నాడు. మెకానిక్కుకు చూపిస్తే బండి శుభ్రంగా ఉందన్నాడు. చక్రాలు మార్చి బటన్లు ముందుకు వేసి చూశాడు. ఈసారి మలుపులో వెనక భాగం విసురుగా తిరిగి తోక చెరువు వైపు పెట్టింది. తిట్టుకుంటూ మళ్ళీ వెనకకే వేశాడు.

ఇంకోసారి మలుపు దగ్గరి అంగట్లో టీ తాగుదామని దిగాడు. హ్యాండ్ బ్రేకు వేసి, వెనక చక్రం కింద రాయి కూడా పెట్టాడు. గ్లాసు ఖాళీ చేసి వచ్చేసరికి బండి పెట్టిన చోట లేదు. పది బారల అవతల, కట్ట ఎక్కే ఎత్తు మీద, నీళ్ళకు ఎదురుగా నిలబడి ఉంది. పల్లానికి దొర్లిందంటే సరే, మిట్టకు ఎవరు తోశారు? అంగడివాణ్ణి అడిగితే, నువ్వే కదప్పా తీసుకుపోయింది, నీ పక్కన ఇంకొకాయప్ప కూడా కూర్చోనుండె కదా అన్నాడు. ఆ టీ డబ్బులు ఇచ్చాడో లేదో కూడా దామోదరానికి గుర్తులేదు.

ఆ రెండు టైర్లూ పీకి పారేయొచ్చు కదా అంటారు. భార్య కోమలవల్లి కూడా కాళ్ళు పట్టుకుని అదే చెప్పింది. వేరే టైర్లు దొరకవని ఆమెకు బొంకాడు. అసలు సంగతి అది కాదు. ఆ టైర్లు తీసేస్తే అన్నను చంపింది తానేనని ఊరందరి ముందూ ఒప్పుకున్నట్టవుతుందని అతని భయం. అంతకన్నా ఆ చెరువులోకి పోవడమే నయమనిపించేంత భయం.

మళ్ళీ ముసురు రోజులొచ్చాయి. రోడ్డు మీద కుక్క కూడా కనబడని ఒక పగలు, గోనెసంచి నెత్తిన కప్పుకుని వదిన వరదమ్మ అతని వాకిట్లోకి వచ్చింది. భర్త పోయిన నాటి నుంచి ఆమె మరిదితో మాట్లాడింది లేదు. కూతురు వకుళ మిద్దె మెట్ల మీద జారి పడి మోకాలి కింద ఎముక విరగ్గొట్టుకుందని, పిల్ల నొప్పికి తాళలేక స్పృహ తప్పుతోందని, ఎంతమందిని అడిగినా ఈ వానలో బండి తీయలేమన్నారని చెప్పింది. గడప మాత్రం దాటలేదు, చూరు కింద నిలబడే చెప్పింది. దామోదరం చొక్కా వేసుకున్నాడు. కోమలవల్లి అడ్డం పడబోయి, వరదమ్మ మొహం చూసి పక్కకు తప్పుకుంది.

పిల్లకు పన్నెండేళ్ళు. కాలికి వెదురు దబ్బలు కట్టి, వెనక సీట్లో తల్లి ఒళ్ళో తలపెట్టి పడుకోబెట్టారు. గతుకు తగిలినప్పుడల్లా మూలుగుతోంది. అన్న బిడ్డ. అచ్చం అన్న ముక్కూ మొహమూ. ఈ బిడ్డకు గనక ఏమైనా అయితే తన బతుకు బతుకు కాదని దామోదరానికి తెలుసు. దేవుళ్ళందరికీ మొక్కుకుంటూ మెల్లగా నడిపాడు. పగలే అయినా లైట్లు వేయాల్సి వచ్చింది.

వడమాలపేట దాటాక తారు పోయి ఎర్రమట్టి తేలిన దారి వచ్చింది. అక్కడ మొదటిసారి చూశాడు. ముందర బురద మీద టైర్ల జాడ, బటన్ల జాడ. దిమ్మెల అచ్చుల్లోకి ఇంకా నీళ్ళు చేరలేదు, అంటే బండి ఇప్పుడే పోయి ఉండాలి. కాని ముందర ఏ బండీ లేదు, దారి కట్ట దాకా ఖాళీగా కనబడుతూనే ఉంది. చూస్తుండగానే ఆ జాడ ముందుకు సాగింది. చక్రం లేదు, బండి లేదు, బురద దానంతట అదే నొక్కుకుపోతోంది, తన బండి ఎంత మెల్లగా పోతే అది అంత మెల్లగా.

దామోదరం బ్రేకు తొక్కాడు. బండి ఆగలేదు. వెనక చక్రాలు తోస్తున్నాయి. మలుపు వచ్చింది. బురదలో జాడ రోడ్డు వెంట తిరగకుండా నేరుగా పశువుల బాటలోకి దిగింది. స్టీరింగు ఎడమకు తిప్పాడు, ఇంకా తిప్పాడు, తిరిగినంతా తిప్పాడు. ముందు చక్రాలు అడ్డంగా తిరిగే ఉన్నాయి, బండి మాత్రం సూటిగా పోతోంది. చెరువు పెద్దదవుతూ మీదికి వస్తోంది. వరదమ్మ కూతురి మొహాన్ని పొట్టకు హత్తుకుంది, అంతే.

"అన్నా," అన్నాడు దామోదరం. "నన్ను తీసకపో. బిడ్డ నీది. బిడ్డను దించి నన్ను తీసకపో."

ముందు చక్రాలు నీళ్ళలోకి దిగాయి. ఇంజను ఆగిపోయింది. బండి కూడా ఆగింది.

వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. దామోదరం తలుపు పిడి మీద చెయ్యి వేశాడు. అప్పుడు బండి ముందు భాగం కుడి పక్కన కొంచెం పైకి లేచింది. పాతికేళ్ళుగా బండ్లతో బతికినవాడికి ఆ లేవడం తెలియదా? జాకీ పెట్టి, ఒక్కొక్క తిప్పుకూ ఇంత లేపుతుంటే లేచినట్టు లేచింది. కింద నీళ్ళలో నట్టు వదులయ్యే కిర్రుమనే చప్పుడు. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ నట్టు బిగిసే చప్పుడు. బండి కిందికి దిగింది. తర్వాత ఎడమ పక్కన లేచింది. దామోదరం స్టీరింగు మీద తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

వెనక సీట్లోంచి వకుళ నీరసంగా అంది. "అమ్మా, నాయన బండి కింద ఉండాడు. తడిసిపోతా ఉండాడు."

ఎడమ పక్క కూడా దిగింది. నీళ్ళు ఒకసారి గుండ్రంగా కదిలి సద్దుమణిగాయి. దామోదరం తాళం తిప్పితే ఇంజను అందుకుంది. రివర్సు వేశాడు. జారుడు బాట మీద బండి చిన్న కుదుపు కూడా లేకుండా వెనక్కి ఎక్కి రోడ్డు మీద నిలబడింది. దిగి ముందుకు వెళ్ళి చూశాడు. ముందు చక్రాలకు నాచు వేలాడుతోంది. నాచు చేత్తో లాగి పారేశాడు. కింద గుండు టైరు లేదు. దిమ్మెలు దిమ్మెలుగా, కొత్తవిలా, బటన్ టైరు ఉంది. రెండో పక్కకు వెళ్ళి చూశాడు. అక్కడా అంతే. తండ్రి మద్రాసు నుంచి తెచ్చిన నాలుగూ ఇప్పుడు ఒకే బండికి ఉన్నాయి, ఆ బండి తనది. దామోదరం వానలో, బురదలో అలాగే చతికిలబడ్డాడు.

వరదమ్మ కూతురి తల మెల్లగా సీటు మీదికి దించి, దిగి వచ్చింది. ముందు టైరును చూసింది. వంగి, పసిబిడ్డ నుదురు తాకి జ్వరం చూసినట్టు, దాని మీద అరచెయ్యి ఆనించింది.

"ఆ పొద్దు ఇవి నీకిచ్చేదానికే బయల్దేరినాడు," అంది. "నాలుగూ ఒక్కచోట ఉండాల, ఎవుడో ఒకడన్నా బతకాల, నా తమ్ముడికే ఇచ్చేస్తా అన్నాడు. మీ ఇంటికొస్తే నువ్వు మొహం తిప్పుకుంటావని, పుత్తూరులో కట్టుకట్టే ఇంటికాడ పట్టుకుందామని పోయినాడు."

ఆ మధ్యాహ్నం దామోదరం నిజంగానే పుత్తూరులో ఆ ఇంటి ముందు బండి పెట్టుకుని ఉన్నాడు. అన్న వస్తే మొహం తిప్పుకునేవాడే కూడా. అతనికి గుండె చెరువైపోయింది. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు వదినా అని అడిగాడు.

"చెప్తే నువ్వు ఏడుస్తావు. నువ్వేడిస్తే నేను ఓదార్చాల. నాకు యాడుండాది అంత శక్తి?"

అతను ఏడుస్తున్నాడు. ఆమె ఇప్పుడూ ఓదార్చలేదు. భుజం పట్టుకుని లేపింది, బిడ్డకు ఆలస్యమవుతోందని చెప్పింది. దామోదరం చెరువు వైపు చూశాడు. నీళ్ళ మీద చినుకులు తప్ప ఏమీ లేదు.

"మరి అన్న బండికి ఇప్పుడేముండాది?"

"నీ గుండువి ఏసుకోనుంటాడు," అంది వరదమ్మ, వెనక తలుపు తీస్తూ. "పోనీలే. ఆయప్ప ఇంక యాడికీ పోయే పని లేదు."

దామోదరం మొహం తుడుచుకుని బండెక్కాడు. స్టీరింగు ఎడమకు తిప్పితే బండి ఎడమకు తిరిగింది.