హుండీలో వేసిన మాత్రలు

నీలావతికి విరేచనంలో రక్తం పడటం ఆగి ఆరు నెలలు దాటాక, భర్త గంగాధరప్ప పెనుకొండలో కిరాణా అంగడి ఒకరోజు మూసి ఆమెను కదిరికి పిలుచుకుపోయాడు. వాళ్ళ ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది. తీరిన బాధ తాలూకు వస్తువేదైనా పసుపు గుడ్డలో కట్టి నరసింహస్వామి హుండీలో వేస్తే ఆ బాధ ఇక స్వామిది. కాలు విరిగి నయమైనవాడు కట్టు గుడ్డ వేస్తాడు. నీలావతి మిగిలిన మాత్రలు వేసింది. ఏళ్ళ తరబడి పడిన పేగుపూత అవస్థ ఆ మూటతో వదిలిందని ఇద్దరూ తేలికపడి ఇంటికొచ్చారు.

మరుసటి శ్రావణానికి రక్తం మళ్ళీ కనబడింది. ఆమె చాలా రోజులు దాచింది. నడవలేని స్థితికి వచ్చాక గంగాధరప్ప ఆమెను హిందూపురం తీసుకుపోయాడు. డాక్టరమ్మ గొట్టం వేసి చూసి, పేగులోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు బెంగళూరు పంపింది. మాత్రలు ఎందుకు ఆపారని అడిగితే గంగాధరప్ప తల దించుకుని హుండీ సంగతి చెప్పాడు. డాక్టరమ్మ కోప్పడలేదు. ప్రతి కణంలోనూ ఒక ప్రోటీన్ ఉంటుందని, క్రిమి సోకితే అది లేచి జన్యువులను పురమాయించి వాపు తెప్పిస్తుందని, పని కాగానే అణిగిపోవాలని వివరించింది. నీలావతిలో అది అణగడం లేదు. ఒంటిని కాపాడవలసిన బలమే సొంత పేగు మీద పడుతోంది. మింగినన్నాళ్ళూ మాత్రలు దాన్ని అణచి ఉంచాయి.

"ఊరికే వదిలేస్తే, చెడిపోయి చావాల్సిన కణాల్ని కూడా అది చావనీదు. అవే పోనుపోను కేన్సర్ కావచ్చు. ఈమెకు అయిందో లేదో పరీక్షలో తెలుస్తుంది. మాత్రలు మాత్రం ఈరోజే మొదలుపెట్టండి" అంది.

ఇంటికొచ్చాక నీలావతి మాత్ర ముట్టలేదు.

"స్వామికిచ్చినదాన్ని మళ్ళీ నోట్లో ఏసుకుంటే ఆయప్ప ఏమనుకుంటాడు?"

గంగాధరప్పకూ ఆ భయమే. ఒంట్లో కాపాడే బలాన్ని పెట్టిన దేవుడే అది ఒంటినే కాల్చేటట్టు ఎందుకు చేశాడో అతనికి అర్థం కాలేదు. మరునాడు పొద్దున దీపం పెడుతూ పటం వైపు చూశాడు. స్వామి ముందు ప్రహ్లాదుడు చేతులు జోడించి నిలబడి ఉన్నాడు. లోటాతో నీళ్ళు తీసుకుని భార్య దగ్గరికి వెళ్ళాడు.

"నీలా, రాక్షసుణ్ణి చంపినాక కూడా స్వామి ఉగ్రం అణగల్యా. ప్రహ్లాదుడు పోయి అణచల్సి వచ్చె. దానికి స్వామి కోపం చేసుకున్యాడా?"

నీలావతి తలెత్తి పటం వైపు చూసింది.

"అంటే ఈ మాత్ర ప్రహ్లాదుడా?" అని, నవ్వీ నవ్వనట్టు చెయ్యి చాపింది.

మాత్ర మింగి లోటా కింద పెట్టింది.

"బెంగళూరు నుంచి ఏమొచ్చినా నాకు చెప్పు. దాయొద్దు."

చెప్తానన్నాడు. చెప్పగలడో లేదో అతనికే తెలియదు.