మిర్చి గోదాములో తుమ్ముకు శకునం లేదు

ఆ ఆదివారం నేను చేయాల్సిన పనులు: అమ్మ మోకాళ్ళకు నూనె తేవాలి. గ్యాస్ బుక్ చేయాలి. ఆఫీసు చొక్కాలు ఉతకాలి. ఉస్మాన్‌గంజ్ వెళ్ళి బసవయ్య సేఠ్ ముందు నిలబడి మాట పడాలి. తిరిగొచ్చి మా చెల్లెలి వీడియోలోంచి ఒక తుమ్ము తీయించాలి.

మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేనే. అందుకే కరెంటు బిల్లు తప్పు పడినా, పక్కింటివాళ్ళతో గోడ తగాదా వచ్చినా నన్నే ముందుకు తోస్తారు. తుమ్ము గురించి మాట్లాడి రమ్మనడం మాత్రం అదే మొదలు.

మా అమ్మ ఆగమ్మ బసవయ్య సేఠ్ మిర్చి గోదాములో తాలు కాయలు ఏరుతుంది. ముక్కుకు కొంగు ఎంత బిగించి కట్టినా అక్కడి ఆడవాళ్ళంతా తుమ్ముతూనే ఉంటారు. మా చెల్లెలు బేబీ బ్యూటీ పార్లర్‌లో పనిచేస్తుంది, ఖాళీ దొరికితే ఫోన్‌తో వీడియోలు తీస్తుంది. పాటలు, డ్యాన్సులు కాదు. ఒకసారి బహదూర్‌పురాలో మా గల్లీ షట్టర్లన్నీ పొద్దున్నే ఆవులిస్తున్నట్టు తీసింది. "దీన్ని వీడియో ఆర్ట్ అంటరన్నా" అంది. నేను తలూపి ఆఫీసుకు పోయాను.

ఈసారి గోదాములోని తుమ్ములన్నీ పట్టుకొచ్చి బ్యాండు మేళంలా కూర్చింది. సన్న తుమ్ములు సన్నాయి, లావు తుమ్ములు డోలు. ప్రతి తుమ్ముకూ కాటా ముల్లు ఎగిరిపడుతుంది, బస్తాలు తలూపుతాయి. చివర్లో అంతా ఆగిపోతుంది. ఎర్రటి కుప్ప ఒక్కటే కనిపిస్తుంది. ఇక అయిపోయిందనుకునేసరికి ఒక్క తుమ్ము, దాని వెనక చిన్న నవ్వు.

అది రాజమణి అత్త తుమ్ము. అమ్మ పక్కన కూర్చుని ఏరేది. అందరికీ వచ్చి పోయాక ఆమెకు వచ్చేది. "రాజమణిది ఆఖరి బస్సు" అని అందరూ ఆగి ఎదురుచూసి మరీ నవ్వేవాళ్ళు. బేబీ ఆ తుమ్మును ఫోన్లో పట్టుకున్నాక, ఎండాకాలంలో జ్వరంతో పడుకుని మళ్ళీ లేవలేదు.

బెంగళూరులో కొందరు కళాకారులు ఆన్‌లైన్‌లో పెట్టే ప్రదర్శనకు ఈ వీడియోను ఎంచుకున్నారు. ఆదివారం రాత్రిలోగా చివరి కాపీ పంపాలి. ఈలోపే అది గోదామువాళ్ళ ఫోన్లలో తిరిగి సేఠ్ మనవడు అభిషేక్‌కు చేరింది, అతను ఇంట్లో చూస్తూ కూర్చున్నాడు. సరిగ్గా అప్పుడే సేఠ్ మలక్‌పేట మార్కెట్లో సరుకు వేలానికి బయల్దేరి గడప దాటుతున్నాడు. ఫోన్లో ఒంటి తుమ్ము పడింది. సేఠ్ వెనక్కొచ్చి, కూర్చుని, నీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేసరికి ఆయన అనుకున్న సరుకు ఇంకొకరి పాలైంది.

నేను వెళ్ళేసరికి సేఠ్ గద్దె మీద ఉన్నాడు. అభిషేక్ పక్కన తలవంచుకుని నిలబడ్డాడు.

"ఏంది ప్రేమ్‌రాజ్, డిగ్రీ చదివినవ్. చెల్లెకు గింత చెప్పరాదా?"

"గోదాంల తుమ్ముకు శకునం లేదని మీరే అంటరు గద సేఠ్."

"గోదాంల మిర్చి తుమ్మిస్తది. దానికి శకునమేంది? మా ఇంట్ల మిర్చి ఏడున్నది? ఫోన్లకెళ్ళి ఘాటు వస్తదా?"

"తాతా, ఫోన్ తుమ్ముకు ఎవరన్న కూసుంటరా?" అన్నాడు అభిషేక్.

"నువ్వు ఫోన్ల దేవుని దర్శనం జేసుకుంటవ్ గద. దర్శనం ముట్టితే తుమ్ము ముట్టదా?"

అభిషేక్ ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. సేఠ్ నా వైపు తిరిగాడు.

"ఆ ఆఖరి తుమ్ము తీసెయ్యమను. లేకుంటే రేపటి సంది మీ అమ్మను రావద్దను" అన్నాడు సేఠ్.

ఇంటికొచ్చి అదే చెప్పాను. బేబీ ఫోన్ ఒళ్ళో దాచుకుంది.

"కావాల్నంటే కడమ తుమ్ములన్నీ తీసేస్త. రాజమణి అత్తది తియ్య."

"అమ్మ పని పోతదే. ఈ వయసుల ఇంకెవరు పెట్టుకుంటరు?"

"అత్త గొంతు ఇంకేడన్న ఉన్నదా అన్నా? ఒక్క ముచ్చటన్న రికార్డు ఉన్నదా? గీ తుమ్మే ఉన్నది. గీ నవ్వే ఉన్నది."

గోడకు ఆనుకుని మోకాళ్ళు రుద్దుకుంటున్న అమ్మ కళ్ళు తెరవకుండానే అంది:

"ఒంటి తుమ్ముకే గద గింత లొల్లి? జోడు తుమ్మయితే మంచి శకునమేనాయె. దాని పక్కన ఇంకోటి పెట్టుండ్రి. నేనే తుమ్ముత."

బేబీకి ఇష్టం లేదు. ఆ ఒక్క తుమ్ము ఒంటరిగా ఉండటమే అందమంది. అయినా ఫోన్ పట్టుకుని అమ్మ ముందు కూర్చుంది. నేను పెనం మీద ఎండుమిర్చి వేయించాను. అమ్మ పెనం మీదికి వంగి గట్టిగా పీల్చింది. ఏమీ లేదు. కారప్పొడి వాసన చూసింది. ముక్కులో దారం పెట్టుకుంది. అయినా లేదు.

"దినమంత తుమ్మి తుమ్మి వస్త. ఇంటికొచ్చినంక నా ముక్కు గూడ చుట్టీ తీసుకుంటది" అంది అమ్మ వెనక్కి వాలుతూ.

పెనం మీద మిర్చి మాడింది. తీయబోయిన నాకు ఘాటు కొట్టింది. గిన్నెలు మోగేటంత గట్టిగా తుమ్మాను.

"మొగోని తుమ్ము! దున్నపోతు లెక్క తుమ్మిండు!" అని అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. రాజమణి అత్త పోయాక ఆమె అంతగా నవ్వడం నేను చూడలేదు.

సాయంత్రం మళ్ళీ ఉస్మాన్‌గంజ్ బస్సెక్కాను. సేఠ్ కొట్టు కట్టేస్తున్నాడు. బేబీ నా తుమ్మును జోడించి ఇచ్చిన వీడియోను అభిషేక్ ఫోన్‌కు పంపి విషయం చెప్పాను. ఆయన నమ్మలేదు. చెప్పులేసుకుని గడప దగ్గర నిలబడి, "పెట్టు" అన్నాడు అభిషేక్‌తో. ఫోన్లో రాజమణి అత్త తుమ్మింది. వెంటనే నేను తుమ్మాను. సేఠ్ పైకి లేపిన కాలు ఒక్క క్షణం ఆపాడు. తర్వాత గడప అవతల మోపి, మరో నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి చూశాడు.

"మొదటిది మన రాజమణిదేనా?"

"అవును సేఠ్."

"ఆఖరి బస్సు" అన్నాడు మెల్లగా. గోదాములోకి పెద్దగా అడుగుపెట్టని మనిషికి ఆ పేరు తెలుసని నాకు తెలియదు. "మీ అమ్మను రేపు జల్ది రమ్మను, సరుకు మస్తున్నది" అని వెళ్ళిపోయాడు.

బేబీ ఆ రాత్రే వీడియో బెంగళూరుకు పంపింది. నా తుమ్మును రాజమణి అత్త నవ్వుకు ముందు పెట్టింది. ఇప్పుడు ఆమె నన్ను చూసి నవ్వుతున్నట్టే ఉంటుంది. ప్రదర్శనలో చూసినవాళ్ళు ఏవేవో రాశారు. ఒకాయన శ్రమ గురించి పెద్ద పేరా రాశాడు. ఎక్కువమంది నవ్వు బొమ్మలు పెట్టారు. అమ్మ ఇంతవరకూ పూర్తిగా చూడలేదు, పని నుంచి వచ్చేసరికే కళ్ళు మూతలు పడుతున్నాయి.

మీ ఫోన్లోకి ఎప్పుడైనా అది వస్తే నవ్వుకోండి, నవ్వడానికే తీసింది మా చెల్లెలు. ఆ దున్నపోతు తుమ్మును మరిచిపోయినా ఫర్వాలేదు. దాని ముందరి సన్న తుమ్మునూ, వెనకాల నవ్వునూ విన్నప్పుడు మాత్రం రాజమణి అని ఒక మనిషి ఉండేదని గుర్తుంచుకోండి.