ఆగని బస్సుకు తలుపు

ద్వారకనాథ్ బస్సులో కూర్చున్నవాళ్ళు దిగడం లేదు. దారిలో నిలబడ్డవాళ్ళు ఎక్కడం లేదు. తిరుత్తణి నుంచి బయలుదేరిన ముసలమ్మ తిరువళ్ళూరు దాకా వచ్చి, దిగకుండానే మళ్ళీ తిరుత్తణికి పోయి, మళ్ళీ వస్తోంది. నేరం మాత్రం కవిప్రియ నెత్తిన పడింది.

బస్సు కంప్యూటర్‌లోదే లెండి. బస్సు నడిపే ఆట ఒకటుంది. చేసిన కంపెనీవాళ్ళు ఏవో విదేశపు రోడ్లు ఇచ్చి చేతులు దులుపుకుంటే, ఆడేవాళ్ళే తమ తమ ఊళ్ళు కట్టి అందులో తగిలించుకుంటారు. అలా తగిలించేదాన్ని మాడ్ అంటారు. కవిప్రియ మేనత్త కొడుకు ద్వారకనాథ్ తిరుత్తణి–తిరువళ్ళూరు దారి మ్యాప్‌ను మాడ్‌గా చేశాడు. చేశాడంటే, కొండ కింద తమ పాత్రల అంగట్లో గల్లాపెట్టె ముందు కూర్చుని, బస్టాండులో ఫోనుతో తీసిన వీడియోలు చూసి ఉన్నదున్నట్టు దించేశాడు. ఆలోచించడమనే శ్రమ పెట్టుకోలేదు. జనం వెర్రెత్తినట్టు ఆడారు.

కవిప్రియది అలాంటి మెరుపుల పని కాదు. ఆటలో కంపెనీ వదిలేసిన తప్పుల్ని ఒక్కొక్కటీ వెతికి సరిచేసి, ఫిక్స్ అని పేరుపెట్టి అందరికీ ఊరికే ఇస్తుంది. ఈసారి సరిచేసిన తప్పు ఏమిటంటే, బస్సు కదులుతుండగా తలుపు తెరుచుకోవడం. బుద్ధున్న ఏ బస్సుకైనా అలా తెరుచుకుంటుందా? చక్రాలు పూర్తిగా ఆగితే తప్ప తలుపు తెరుచుకోకుండా బిగించేసింది. జర్మనీ రోడ్ల మీద చూసింది, జపాన్ రోడ్ల మీద చూసింది, బంగారంలా నడిచింది. బావగారి దారిలోనే జనం బిగుసుకుపోయారు.

ఆడేవాళ్ళ గుంపుకు పెద్ద సెల్వం. "రెండూ కలిసి నడవకపోతే ఆదివారం ఒకటి తీసేస్తాను. ఎక్కువమంది ఆడేది మ్యాపే" అని రాసేశాడు. అంటే పోయేది ఫిక్సే. తిరువళ్ళూరు ఆడిటర్ ఆఫీసులో కవిప్రియ ఎంత పని చేసినా కింద ఆడిటర్ సంతకమే పడుతుంది. లోకంలో ఆమె పేరుతో ఉన్నది ఈ ఒక్కటే. దాన్ని పోనిచ్చేది లేదనుకుంది.

ఒకరి ఫైలు ఇంకొకరు అడక్కుండా విప్పకూడదని ఆ గుంపులో కట్టుబాటు. అందుకని శనివారం మధ్యాహ్నం ఆఫీసు అయ్యాక తిరుత్తణికి పోయింది.

"బావా, నీ ఫైలు ఒక్కసారి ఇప్పి చూస్తాను. రెండూ యాడ తగులుకుంటా ఉండాయో తెలిసిపోతాది."

ద్వారకనాథ్ ఇడ్లీ కుండ తుడుస్తూ తలెత్తలేదు. "నా మ్యాప్ బాగానే నడస్తా ఉన్నింది కదే. నీ ఫిక్స్ ఏసినాకే చెడిపోయింది. తప్పు నీదే దా."

"బస్సు నిలిస్తే నీ జనం బొమ్మల మాదిరి నిలబడతారు. మెల్లగా కదులుతా ఉంటే ఎక్కుతారు, దిగుతారు. ఇది తప్పు కాదా?"

"అదంతా నాకు తెలీదు. నా అంగట్లో సరుకు నువ్వెట్ల ముడతావు?"

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే జాతి. అత్త కన్యకాంబ కాఫీ తెచ్చిచ్చి, "మా వాడు ఏది చేసినా కుదురుగా చేస్తాడు కవీ. నువ్వే ఏందో నొక్కింటావు, చూసుకో" అంది. కవిప్రియకు గ్లాసు గోడకేసి కొట్టాలనిపించింది. ఆడలేక మద్దెల ఓడన్నవాణ్ణి చూసింది గానీ, ఆ మాటకు వత్తాసు పలికే తల్లిని ఇప్పుడే చూసింది. కాఫీ తాగి లేచింది.

రైలుకు పోవాల్సింది, కోపం బస్టాండుకు తీసుకుపోయింది. ఆ రోజు కృత్తిక, కొండ మీది స్వామికి తలనీలాలిచ్చే రోజు. గుండ్ల మీద గంధం పూసుకున్న సంసారాలతో స్టాండు కిటకిటలాడుతోంది. తిరువళ్ళూరు బస్సు మలుపు తిరిగి లోపలికి వస్తూండగానే కవిప్రియ పరుగెత్తి, కిటికీలోంచి ఒక సీటు మీదికి చేతిరుమాలు విసిరి, కమ్మీ పట్టుకుని మెట్టు మీద కాలు పెట్టింది. పక్కనే ఒక పెద్దాయన సంచి చంకన పెట్టుకుని రోడ్డు మీదికి దూకాడు. ఆమె రుమాలు తీసి కూర్చుంది. అప్పుడు ఆగింది బస్సు. ఆగిన బస్సులోంచి ఒక్కరూ దిగలేదు, ఒక్కరూ ఎక్కలేదు. ఆ పనంతా అంతకుముందే అయిపోయింది.

కవిప్రియ కూర్చున్నచోటే బిగుసుకుపోయింది.

బావ జనం సరిగ్గానే ఉన్నారు. తప్పు ఫిక్స్‌ది. తెలివైనవాడు తప్పు చూపిస్తే ఓర్చుకోవచ్చు. మూర్ఖుడు ఎందుకో తెలియకుండానే ఒప్పు చెబితే ఎవరికి చెప్పుకోవాలి?

ఇంటికి పోగానే తలుపు బిగింపు సడలించింది. బస్సు మనిషి నడకంత మెల్లగైతే చాలు, తెరుచుకుంటుంది. బావ ఫైలు ముట్టే అవసరమే రాలేదు. జనం బుద్ధిగా ఎక్కారు, దిగారు. ఫిక్స్ బతికింది.

కానీ ఆ గుంపులో ఇంకో కట్టుబాటుంది. ఏదైనా సరిచేస్తే, తప్పు చూపించినవాళ్ళ పేరు కింద రాయాలి. తన పేరే రాసుకుంటే అడిగేవాడు లేడు. కవిప్రియ ఆ ఖాళీలో 'క' కొట్టి చెరిపేసింది. పళ్ళు నూరుకుంటూ 'ద్వారకనాథ్' అని కొట్టి పంపేసింది.

మర్నాడు పొద్దున్నే ఫోను మోగింది.

"ఏమే కవీ, గుంపంతా నాకు దండాలు పెడతా ఉండారు. నేనేం కనిపెట్టినా?"

ఏమీ లేదు అనే మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"మన ఊళ్ళో బస్సు ఎట్ల ఎక్కుతారో కనిపెట్టినావు బావా."

"దాంట్లో కనిపెట్టేది ఏముంది?" అన్నాడు ద్వారకనాథ్. "అది అందరికీ తెలిసిందే కదా."