ఎర్ర గీతకు వేలెడు కింద

రోములోని ఆ ల్యాబుకి ఒక కట్టుబాటుంది. అంగారకుడి ధ్రువపు మంచులో కొత్త పొర దొరికిందన్నవాళ్లు, అంగారకుడి చుట్టూ తిరిగే వ్యోమనౌక అదే చోటును అడ్డంగా దాటినప్పుడు తీసిన రెండో రాడార్ బొమ్మ తెరిచే ముందు, పొర ఏ లోతున కనబడాలో అంచున ఉన్న కొలత చూసి కంప్యూటర్ తెర అద్దం మీద మైనపు పెన్సిలుతో గీయాలి. నిజం పొరైతే ఎటునుంచి చూసినా ఒకే లోతున ఉంటుంది. పక్క కొండచరియకు తగిలి తిరిగొచ్చిన రేడియో తరంగమైతే చోటు మారిపోతుంది.

ప్రొఫెసర్ ఎత్తోరె ఎర్రగా గీశాడు. ఆయన కూర్చోకుండా నిలబడే గీయడం ఎర్సిలియా చూసింది. అంగారకుడి మీదా మంచుయుగం వచ్చిపోయిందని, దాని చివర పేరుకున్న దుమ్ము ఆ మంచులో పొరగా ఉండి తీరాలని ఆయన జీవితమంతా వాదించాడు. నవ్వినవాళ్లు నవ్వారు. ఆ పొరను వెతికి పట్టింది ఆయన శిష్యురాలు ఎర్సిలియానే. కాసేపట్లో కింద హాల్లో ఆయన వీడ్కోలు ఉపన్యాసం. నవ్వినవాళ్లంతా వచ్చి కూర్చున్నారు.

"కానివ్వండి, స్పుమాంతె వైను వేడెక్కిపోతోంది," అన్నాడు తోటి పరిశోధకుడు కొర్రాదో, సీసా ఊపుతూ. "ఏం ఎర్సిలియా, నీ పొర నిన్ను చూసి పారిపోతుందనా భయం?"

"నువ్వు నోరు మూసుకుంటే పారిపోదులే."

బొమ్మ పైనుంచి మెల్లగా విచ్చుకుంది. ఎర్ర గీత దగ్గర ఏమీ లేదు. వేలెడు కింద తెల్లటి చార మెరిసింది. కొర్రాదో చప్పుడు కాకుండా సీసాను బల్ల కింద పెట్టేశాడు.

"మీరు నిలబడి గీశారు ప్రొఫెసర్ గారూ," అంది ఎర్సిలియా గబగబా. "పైనుంచి చూస్తే అద్దం మీద గీత ఎగువకి పడుతుంది. అంతే. అది పొరే!"

ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, కళ్లు తెర ఎత్తుకి దించి చూశాడు. నమ్మేద్దామా అన్న ఆశ ఆ మొహంలో కనబడేసరికి ఆమెకి ఏడుపొచ్చింది.

"అమ్మాయ్, ఈ అద్దం వేలెడు మందం ఉందా?"

ఆమె అద్దం అంచు మీద వేలు ఆనించి చూసి, తీసేసింది.

"ఇన్నేళ్లూ అందరూ నన్ను చూసి నవ్వారు. ఒక్కరూ అబద్ధం మాత్రం చెప్పలేదు. నువ్వు చెప్పావు."

సిగ్గుతో ఆమె చచ్చిపోయింది. ఆయన లేచి కోటు తొడుక్కున్నాడు.

"తెర ఊడదీసి పట్రా. ఉపన్యాసం ఈ తప్పిన గీతతోనే మొదలుపెడతాను. గీత చెరిగిందో, ఊరుకోను."

గీత చొక్కాకి రాసుకోకుండా అద్దాన్ని బయటివైపు తిప్పి, తెరను రెండు చేతులా పట్టుకుని ఆమె ఆయన వెనకే మెట్లు దిగింది. ఆయన్ని చూడగానే హాల్లో అందరూ లేచి చప్పట్లు మొదలుపెట్టారు.